తాత గిన్నెలో పడని గింజ

నా చిన్నప్పుడు మా ఊళ్లో చీకటి దండిగా ఉండేది. బిజినేపల్లి నుంచి లోపలికి వచ్చే మట్టిదారి మీద మా ఊరు, ఊళ్లో చివరి వాడలో మా ఇల్లు. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. దీపాలు పెట్టే వేళకు కరెంటు పోతే, అందరూ అన్నాలు తిని పక్కలు పరుచుకునే వేళకు గానీ వచ్చేది కాదు. పెద్దవాళ్లు తిట్టుకునేవారు. నేను మాత్రం మనసులో షుక్రియా చెప్పుకునేదాన్ని. ఆ కాసేపట్లో ఆకాశం ఎంత కిందికి దిగేదంటే, మిద్దె మీద వెల్లకిలా పడుకుని చెయ్యి చాపితే వేళ్లకు చుక్కల చల్లదనం తగులుతుందేమో అనిపించేది.

నేను బడికి పోలేదు. పుట్టినప్పటి నుంచి ఆయాసం. బడి ఉన్న పక్క ఊరికి నడిస్తే సగం దారిలోనే ఊపిరి అందేది కాదు. అందుకని చదువే నా దగ్గరికి వచ్చింది. దాదీ, అంటే మా నానమ్మ, ఖురాన్ చదవడం నేర్పింది. అమ్మీ ఉర్దూ అక్షరాలు దిద్దించింది. తెలుగూ లెక్కలూ పక్కింటి తాత చెప్పాడు. ముగ్గురిలో ఎవరూ బెత్తం పట్టలేదు. ఈ ముగ్గురినీ నేను ఏ దుఆలోనూ మరిచిపోను.

పక్కింటి తాత మాకు చుట్టం కాదు. వాళ్లది ఆముదాలు, జొన్నలు పండించే ఇల్లు, మాది గాజులమ్మే ఇల్లు. రెండు మిద్దెల నడుమ మోకాలెత్తు పిట్టగోడ ఒక్కటే అడ్డం. ఆయన ముప్పై ఏళ్లు హైదరాబాదులో ఒక కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు సానపట్టి, ముసలితనంలో ఊరికి తిరిగి వచ్చాడు. పట్నంలో ఉండగా ఆకాశం చూసే స్నేహితులు ఎవరో దొరికారట. వాళ్ల టెలిస్కోపులో చూసినవి మరిచిపోలేక, సొంతంగా ఒకటి చేసుకోవాలని పట్టుపట్టాడు. ఆ ఏడు చేలో బోరు వేయిస్తే నీళ్లు పడలేదు. బోరులోంచి పీకిన కేసింగు పైపు ముక్కే టెలిస్కోపుకు గొట్టమైంది. దాన్ని చూసినప్పుడల్లా తాత భార్య అవ్వకు నోరు ఊరుకునేది కాదు.

“నీళ్ల కోసం భూమిల దించిన పైపును మొగులుకు పెట్టిండు. కింద పడని నీళ్లు మీదికెల్లి పడ్తయా? అడుగు బిడ్డా, మీ తాతను.”

“పడ్తే మొదటి బిందె నీకే ఇస్త తియ్,” అనేవాడు తాత, తల కూడా ఎత్తకుండా.

టెలిస్కోపుకు ప్రాణం గొట్టంలో లేదు, దాని అడుగున కూర్చునే అద్దంలో ఉంది. ఆరంగుళాల మందపాటి గాజుబిళ్ల. ఖాళీ డ్రమ్ము మీద ఇంకో గాజుబిళ్ల పెట్టి, నడుమ గరుకు పొడీ నీళ్లూ వేసి, దాని మీద దీన్ని రుద్దాలి. కొన్నిసార్లు రుద్దడం, డ్రమ్ము చుట్టూ ఒక అడుగు జరగడం, మళ్లీ రుద్దడం. తాత ఎనిమిది నెలలు అట్లా తిరిగాడు. నేను చెంబుతో నీళ్లు పోస్తూ ఎక్కాలు అప్పజెప్పేదాన్ని. పదమూడో ఎక్కం నాకు ఆ గాజు చప్పుడు మీదే వచ్చింది. మొదట్లో ఇసుక నమిలినట్టు ఉండే ఆ చప్పుడు, పొడి సన్నబడేకొద్దీ మెత్తబడి, చివరి రోజుల్లో నిద్రపోయే పిల్లవాడి ఊపిరిలా అయింది. ఆ పైన హైదరాబాదు తీసుకుపోయి దానికి మెరుపు పూత వేయించి తెచ్చాడు.

ఇంత కష్టమూ ఒక్కదాన్ని మళ్లీ చూడటానికి. “ముసలిదైన చుక్క సచ్చిపోయేటప్పుడు ఊపిరి విడుస్తదంట బిడ్డా. ఆ ఊపిరి పొగ ఉంగరం లెక్క సుట్టు పరుసుకుంటది. మనకు మసక మసకగ కనవడ్తది,” అని చెప్పేవాడు. పుస్తకాల్లో గ్రహ నీహారిక అంటారనీ, గ్రహాలకూ దానికీ ఏ సంబంధం లేదనీ, పాతకాలం వాళ్లకు గ్రహంలా గుండ్రంగా కనిపించి ఆ పేరు పెట్టారనీ చెప్పాడు. అలాంటివి ఆకాశంలో చాలా ఉన్నాయి. ఆయన కోరుకున్నది కుంభరాశిలో ఉంది. చలి మొదలయ్యే కాలంలో పొద్దుగూకాక దక్షిణాన ఒక చుక్క ఒంటరిగా మెరుస్తుంది, దానికి జర పైన. చాలా పెద్దది, అందుకే చాలా మసక. చెంచాడు పాలు బిందెడు నీళ్లలో కలిపితే ఎట్లా ఉంటుందో అట్లా. పట్నంలోని స్నేహితులతో ఊరి బయటకు పోయి ఒకే ఒక్కసారి చూశాడట. తన చేత్తో రుద్దిన అద్దంలో దాన్ని చూడాలి.

కనిపించలేదు. వరసగా ఎన్నో సాయంత్రాలు వెతికినా కనిపించలేదు.

అంతకుముందు ఎండాకాలంలోనే వనపర్తిలో కంటి డాక్టరు ఆయనకు నీటికాసులు, అంటే గ్లాకోమా, ఉన్నాయని చెప్పాడు. పోయిన చూపు ఇక తిరిగి రాదనీ, ఉన్నది నిలుపుకోవాలనీ అన్నాడు. అందుకే ఇప్పుడు ప్రశ్న ఒక్కటే మిగిలింది. తప్పు అద్దంలో ఉందా, కంట్లో ఉందా?

“అద్దంల ఉంటే మళ్ల రుద్దుత. ఇంకో సంవత్సరం పట్టని. కంట్లనే ఉంటే ఇగ ఈ పని బంద్,” అని ఆయన అవ్వతో అనడం నేను పిట్టగోడ ఇవతల నుంచి విన్నాను. ఆ రోజు అవ్వ ఎగతాళి చేయలేదు.

ఆ సంగతి తేలాలంటే ఇంకొక కన్ను కావాలి. అవ్వ చూపు ఎప్పుడో మసకబారింది. తాత నన్ను పిలిచాడు.

అది రంజాన్ నెల. చివరి పది రోజులు నడుస్తున్నాయి. ఆ రోజుల్లో చందమామ బాగా పొద్దుపోయాక గానీ లేవడు కాబట్టి సాయంత్రాలు నల్లగా, శుభ్రంగా ఉంటాయి. నాకు తొమ్మిదేళ్లు, మొదటిసారి రోజాలు, అంటే పగటి ఉపవాసాలు, ఉంటున్నాను. ఇఫ్తార్‌తో ఆనాటి రోజా విడిచి, అమ్మీ పక్కన మగ్రిబ్ నమాజు చదువుకుని, పిట్టగోడ దాటి తాత వాళ్ల మిద్దె మీదికి పోయాను. తాత చుక్కల గుర్తులు పట్టుకుని పైపును సరిచేసి, నన్ను చిన్న బల్ల మీద నిలబెట్టాడు.

“జర ఓపికగ సూడు. పొగ ఉంగరం లెక్క ఉంటది.”

చూశాను. నల్లటి గుండ్రటి కిటికీలోంచి తొంగిచూసినట్టు ఉంది. కొన్ని చిన్న చుక్కలున్నాయి. ఉంగరం లేదు. కన్ను మూసి తెరిచి మళ్లీ చూశాను. లేదు. నా వెనకాల తాత ఊపిరి బిగబట్టి నిలబడ్డాడని తెలుస్తూనే ఉంది. అద్దం బాగాలేదంటే ఈ ముసలాయన మళ్లీ డ్రమ్ము చుట్టూ తిరగాలి కదా అనిపించింది. ఆ వేళ్ల కొసలు పగిలి ఎట్లా ఉండేవో రోజూ చూసినదాన్ని.

“కనవడ్తుంది తాతా,” అన్నాను. ఆయన ఇంకేమీ అడగకముందే, “పొగ ఉంగరం లెక్కనే ఉంది,” అని కూడా చేర్చాను.

ఆయన సంతోషపడతాడనుకున్నాను. ఆయన పైపును వదిలి వెనక్కి జరిగాడు. తరువాత, “గట్లనా. అయితే అద్దం మంచిగనే అయ్యింది,” అని నెమ్మదిగా పిట్టగోడ మీద కూర్చున్నాడు. అద్దం బాగుందంటే కన్ను పోయినట్టే అని నా చిన్న బుర్రకు తట్టలేదు. ఇంటికి పోతూ ఒక మంచి పని చేశాననే అనుకున్నాను.

తెల్లారి పోయి చూస్తే అవ్వ జొన్నలు చెరుగుతూ మాటిమాటికీ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. తాత అద్దాన్ని గొట్టంలోంచి విప్పి పాత ధోతిలో చుడుతున్నాడు. పసిబిడ్డను చుట్టినట్టు చుడుతున్నాడు. మర్నాడు పొద్దున బస్సుకు వనపర్తి పోయి అక్కడ కాలేజీలో ఇచ్చేసి వస్తాడట.

“సూసే కండ్లు ఉన్నకాడ ఉండాలె బిడ్డా అద్దం. నా కాడ ఎందుకు?” అన్నాడు, నవ్వుతూనే.

ఆ రోజంతా నేను మళ్లీ పిట్టగోడ దాటలేదు. అబద్ధం ఇఫ్తార్ తరువాత ఆడాను కాబట్టి రోజా చెడలేదు కదా అని ఒకసారి, చెడిందేమో అని ఒకసారి నాలో నేనే వాదించుకున్నాను. సాయంత్రం దాదీకి ఇఫ్తార్ పళ్లెం నేనే తీసుకుపోయాను. మా దాదీ ప్రతి రంజాన్ చివరి పది రోజులు ఇంట్లోనే ఒక మూల దుప్పటి అడ్డం కట్టుకుని ఏతెకాఫ్‌లో కూర్చునేది. నమాజు, తస్బీ పూసలు, ఖురాన్ తప్ప ఆ మూలలో వేరే లోకం ఉండేది కాదు. నేను ఖర్జూరం చేతిలో పట్టుకుని తినకపోవడం చూసి ఏమైందని అడిగింది. చెప్పేశాను.

మేము ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునేవాళ్లం. ఆమె మాటలను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. దాదీ చిన్నప్పుడు ఒక ఏడాది, ఇరవైతొమ్మిదో రోజా సాయంత్రం మబ్బు పట్టిందట. పిల్లలంతా పండుగ రేపేనా అని ఏడుస్తుంటే వాళ్ల వాడలో ఒక పెద్దమనిషి, చాంద్, అంటే పండుగ నెలవంక, కనిపించిందని చెప్పేశాడట. ఊరు ఊరంతా మర్నాడు రోజా లేకుండా సేమ్యా వండుకుంది. ఆ సాయంత్రం అసలు నెలవంక వెంట్రుకంత సన్నగా పొడిచింది. ఊరంతా ఒక రోజా పోగొట్టుకుందని అప్పుడు తెలిసింది.

“ఆయన చెడ్డోడు కాదమ్మా. పిల్లల్ని నవ్వించాలనుకున్నడు. కానీ చాంద్ చూసిన అన్నంక ఆ మాట ఒక్కనిది కాదు, ఊరంతా దాని మీద నిలబడ్తది. నీ మాట మీద ఆ ముసలాయన ఏం చేస్తుండో పోయి చూడు,” అంది దాదీ. అని, నా చేతిలోని ఖర్జూరం తనే నా నోట్లో పెట్టి, తస్బీ అందుకుంది.

నమాజు ముగించి పరుగెత్తాను. తాత, అవ్వ లాంతరు ముందు కూర్చుని ఉన్నారు. ధోతి మూట గోడ పక్కన ఉంది. ఆయాసంతో నా మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది.

“తాతా, నిన్న నాకేం కనవడలే. ఉత్తగనే చెప్పిన.”

“అయ్యో పోరీ!” అంది అవ్వ. “రాత్రంత ఈ మనిషి కన్ను మూస్తే ఒట్టు. ఎంత పరేషాన్ చేస్తివే!”

తాత చెయ్యెత్తి ఆమెను ఆపాడు. కోప్పడతాడని తల వంచుకున్నాను. ఆయన అడిగింది వేరు. “మరి ఏం కనవడ్డది?”

“ఏం లేదు. నలుపు.”

“ఉత్త నలుపేనా? చుక్కలు గిట్ల ఉన్నయా?”

“చుక్కలున్నయి. ఐదో ఆరో. ఒకటి జర పెద్దగుంది. పొగ అయితే లేదు.”

తాత గూట్లోంచి నోటుబుక్కు తీశాడు. లాంతరు దగ్గరికి జరిగి, పైకి చదువుతూ రాశాడు. పిల్ల చూసింది, చుక్కలు ఉన్నవి, పొగ కనిపించలేదు. రాసి, వెనక పేజీలు తిప్పి నాకు చూపించాడు. ఎన్నో పేజీల్లో ఆయన సొంత చేతిరాతతో అదే మాట. కనిపించలేదు. ఈ రోజు కూడా కనిపించలేదు. మబ్బు, కనిపించలేదు. “గిది తప్పు కాదు బిడ్డా. గిది గూడ సూసినట్టే,” అన్నాడు.

తరువాత ధోతి మూట విప్పాడు.

అద్దాన్ని తిరిగి గొట్టంలో కూర్చోబెట్టి సరిచూసేసరికి బాగా చీకటి పడింది. అవ్వ సీతాఫలాలు తింటూ గింజలు విస్తరాకులో ఊస్తోంది. తాత ఆ గింజలు కడిగించి, కొన్ని నా పిడికిట్లో పోసి, నా ముందు ఒక స్టీలు గిన్నె పెట్టాడు. ఆయన పైపును ఒకసారి పొగ ఉన్న చోటికి, ఒకసారి పక్కనున్న ఖాళీ చోటికి తిప్పుతాడు. ఎటు తిప్పాడో అవ్వ చెవిలో మాత్రమే చెబుతాడు. నేను నోరు మెదపకూడదు. పొగ కనిపిస్తే గిన్నెలో గింజ వేయాలి, లేకపోతే ఊరుకోవాలి.

“నోటితోటి అయితే నా మొఖం సూసి చెప్తవు. గింజకు నా మొఖం తెల్వది,” అన్నాడు.

మొదటి రెండుసార్లు గింజ పడలేదు. అప్పుడు తాత నా పక్కన వంగి అసలు కిటుకు చెప్పాడు. మసక వస్తువును సూటిగా చూస్తే దొరకదట. కంటి నడుమ భాగం వెలుగున్న వాటి కోసం, కంటి అంచు చీకటి కోసం. “దాని దిక్కు సూడకు. పక్కన పెద్ద చుక్క ఉందంటివి గద, దాన్ని సూడు. మనసు మాత్రం ఇటు పెట్టు.”

“కొత్త కోడలు లెక్కనా?” అంది అవ్వ. “మొఖం మీద మొఖం పెడితే కొంగు కప్పుకుంటది.”

పెద్ద చుక్కను చూస్తూ ఉండిపోయాను. నా ఊపిరి నెమ్మదించింది. ఎక్కడో మేక అరిచి ఊరుకుంది. ఎంతసేపైందో తెలియదు. అప్పుడు నా చూపు అంచున నలుపు కొద్దిగా పలచబడింది. అద్దం మీద ఎవరో ఊదినట్టు ఒక తెల్లదనం, రంగు లేదు, మెరుపు లేదు. ఉలిక్కిపడి దాని వైపు చూశాను, మాయమైంది. మళ్లీ చుక్క వైపు తిరిగాను, మళ్లీ వచ్చింది. ఒక నక్షత్రం చివరి ఊపిరి అక్కడ ఏనాటి నుంచో చప్పుడు లేకుండా వేలాడుతోంది, మా ఊరి మిద్దె మీద నేను దాన్ని చూస్తున్నాను. నాకు తెలియకుండానే సుభానల్లా అనుకున్నాను. ఆ తరువాతే గింజ సంగతి గుర్తొచ్చింది.

ఆ మొదటి రెండూ లెక్కలో పట్టకుండా, ఆరుసార్లు పూర్తయ్యేసరికి గిన్నెలో మూడు గింజలున్నాయి. “పొగ దిక్కు మూడుసార్లే తిప్పిండు. మూడుకు మూడు ఏసింది పోరి, ఒక్కటి గూడ తప్పలే,” అంది అవ్వ.

“ఇప్పుడు నోరిప్పు. ఎట్లుంది?” అన్నాడు తాత.

“ఉంగరం లెక్క సన్నగ లేదు తాతా. మందంగుంది. నడుమ జర సీకటి. అంచు మీద ఒక చిన్న చుక్క కూసుంది.”

తాత నా వైపు వంగాడు. “అంచు మీద చుక్క. అవును, ఉండె. నేను నీకు ఆ మాట చెప్పనే లేదు గద బిడ్డా,” అన్నాడు.

తరువాత తానే గిన్నె ముందు కూర్చున్నాడు. ఈసారి పైపును తిప్పే పని నాది. దాన్ని చూడటం వచ్చింది కాబట్టి జరపడమూ, తిరిగి పట్టుకోవడమూ నా చేతనయింది. ఒకసారి పొగ ఉన్న చోటు పెట్టాను. తాత కన్ను ఆనించి, అటు చూసి, ఇటు చూసి, చాలాసేపు ఉన్నాడు. గింజ పడలేదు. ఇంకోసారి పెట్టాను. పడలేదు. ఆయనకు ఆ చుక్కల గుర్తులు కంఠతా వచ్చు. ఇది పొగ ఉన్న చోటు, ఇది కాదు అని చుక్కల్ని బట్టే గింజ వేసేయగలడు. ఇప్పుడైనా ఒక్క గింజ వేయి తాతా అని నేను లోలోపల అల్లాను వేడుకుంటున్నాను. ఆరుసార్లూ అయిపోయాయి. ఆయన పిడికిలి తెరిచి, ఉన్న గింజలన్నీ తిరిగి విస్తరాకులో పోశాడు. ఖాళీ గిన్నెను ఎత్తి మా ఇద్దరికీ చూపించాడు. ఏ సిగ్గూ లేకుండా, దాచేది ఏమీ లేకుండా చూపించాడు.

“కన్నే,” అన్నాడు. “నడుమ సూపు ఉంది, పక్క సూపు పోయింది. ఇది పక్క సూపుతోటి సూసేది.” పైపు మీద చెయ్యి వేసి నిమిరాడు. “అద్దం మాత్రం మంచిగ చేసిన గదనే?”

“చేసినవ్ తియ్,” అంది అవ్వ. ఆ రెండు మాటల్లో ఎంత మెత్తదనం ఉందో నాకు పెళ్లయి ఏళ్లు గడిచాక గానీ అర్థం కాలేదు.

ముందు రోజు నా అబద్ధం చెప్పిందీ, ఈ రోజు గింజలు చెప్పిందీ ఒకటే. అద్దం మంచిది, కన్ను పోయింది. అయినా నిన్న ఆ మాట విని ఆయన ఒంటరిగా గోడ మీద కూర్చున్నాడు. ఈ రోజు, “రేపు ఎన్ని గంటలకొస్తవు?” అని నన్ను అడిగాడు. వనపర్తి బస్సు తెల్లారి మా ఊరి నుంచి ఆయన లేకుండానే పోయింది.

ఆ తరువాత మూడు చలికాలాలు తాత పైపు తిప్పేవాడు, నేను చూసి చెప్పేదాన్ని, ఆయన రాసేవాడు. నడుమ చూపు కూడా తగ్గాక రాయడమూ నా వంతుకు వచ్చింది. అటువంటి మసక ఊపిరులు ఇంకా కొన్ని చూశాం. చూడలేనివీ చాలా ఉన్నాయి, వాటికీ పేజీలున్నాయి. “పొగ ఎట్లుందో చెప్పు,” అని ఆయన కళ్లు మూసుకుని వినేవాడు. నేను ఒక్క మాట ఎక్కువ చెప్పినా, “గది సూసినవా, అనుకున్నవా?” అని అడిగేవాడు. అనుకున్నాను తాతా అంటే కొట్టేయమనేవాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. అల్లా ఆయనకు చల్లని చోటు ఇచ్చి ఉంటాడు.

ఇప్పుడు మా వాడ ఆడపిల్లలు కొందరు సాయంత్రాలు నా దగ్గర చదువుకుంటారు. అర్థమైందా అని అడిగితే పిల్లలు నన్ను సంతోషపెట్టడానికి తలూపుతారని నాకు తెలుసు. అందుకే వాళ్లకు మొదటి రోజే చెబుతాను, నా దగ్గర అర్థం కాలేదనే మాటకు దెబ్బలు లేవు అని. నన్ను నేను కూడా ఆ మాట దగ్గరే పట్టుకుంటాను. కొన్ని రోజులు నమాజు చదివే జానమాజ్ చాప మీద కూర్చుంటాను, పెదాలు కదులుతాయి గానీ మనసులోకి ఏమీ రాదు. ఒకప్పుడైతే వచ్చినట్టు నటించి లేచిపోయేదాన్నేమో. ఇప్పుడు, ఈ రోజు ఏమీ తెలియలేదు మాలిక్ అని ఉన్నది ఉన్నట్టు ఆయనకే చెప్పుకుని, ఇంకాసేపు అక్కడే కూర్చుంటాను.